తోకచుక్కకు తోక బిగించినప్పుడు

2024 అక్టోబరు. షిఫ్టు దిగి వచ్చేసరికి మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల మీద, పడమటి ఆకాశంలో తోకచుక్క మసగ్గా కనబడుతున్న రోజులు. నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ పనీ తప్పని వెనక్కి రాలేదన్న పొగరు నాకుండేది.

ఈ బెంగాలీ ఊళ్లోని మా తెలుగు బడి సైన్సు టీచర్ రూతు తోకచుక్క మోడల్ చేసిపెట్టమంది. టౌన్లోని బళ్లన్నీ పోటీపడే ఎగ్జిబిషన్‌కి మా బడి వెళ్లడం అదే మొదటిసారి. కోడిగుడ్డు ఆకారంలో పట్టా వంచి, ఒక కొసకు దగ్గరగా సూర్యుడని బల్బు పెట్టాను. పట్టా మీద తిరిగే ట్రాలీకి తలకాయ బిగించి, మంచు కదా అని తెల్లరంగు వేశాను. వెనకాల, రైలు చివర గార్డు పెట్టెలాగా, తోక వెల్డ్ చేశాను.

చూడగానే రూతు ముఖం వాడిపోయింది.

"రంగూ తప్పే, తోకా తప్పే బాబాయ్. లోపల నీటి మంచు, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి గానీ, పైన దుమ్మూ కర్బనం పట్టేసి బొగ్గులా నల్లగుంటాది. ఎండ తగిల్తే మంచు నీరవదు, నేరుగా గ్యాసైపోద్ది. ఆ గ్యాసునీ దుమ్మునీ సూర్యుడే తన వెలుగుతోనూ, తనలోంచి ఎగజిమ్మే కణాలతోనూ తోసేస్తాడు. అందుకే తోకెప్పుడూ సూర్యుడికి అవతలపక్కే."

"మరి తిరిగెళ్లేటప్పుడో?"

"తోకే ముందెళ్తాది."

పక్కనే నిలబడి చూస్తున్న, ఒకప్పుడు స్టీమింజన్లు నడిపిన సింహాచలం మావ పకపకా నవ్వాడు. "ఏటమ్మా, ఇంజను ఎనకా, పొగ ముందూనా? నానెక్కడా సూళ్లేదు!"

"అక్కడ గాలుండదు మావా, పొగని ఎనక్కి నెట్టడానికి," అంది రూతు.

నాకు నవ్వు రాలేదు. రైళ్ల మధ్య బతికినవాణ్ణి, తోకంటే వెనకే అనుకున్నాను. ఎగ్జిబిషన్ మర్నాడే. ఇలాగే వెళితే నవ్వులపాలయ్యేది నేను కాదు, ఆ పిల్ల, ఆ బడి.

తోక కోసేశాను. తలకాయకి నల్లరంగు వేశాను. బల్బు కింద బేరింగు పెట్టి దానికి పొడుగాటి రాడ్ తగిలించాను. తలకాయలో స్లీవ్ అమర్చాను, అంటే రాడ్ జారడానికి అటూఇటూ తిరిగే చిన్న గొట్టం. అందులోంచి అవతలికి పొడుచుకొచ్చిన రాడ్ ముక్కే తోక.

ట్రాలీ తోశాం. సూర్యుడి దగ్గరికొచ్చేసరికి తోక మూరెడైంది. దూరం పోతుంటే జానెడై, బెత్తెడైంది. నేనది అనుకొని చేసింది కాదు.

"బాబాయ్, నిజం తోకచుక్కా అంతే! సూర్యుడి దగ్గరే తోక పెరుగుతాది!" అని రూతు గంతేసింది.

ఎగ్జిబిషన్‌లో జడ్జిగా వచ్చిన బెంగాలీ ఆవిడ ట్రాలీని నాలుగుసార్లు తిప్పి చూసి, ఏ ఇంజినీర్ డిజైన్ అని అడిగింది.

"ఇంజినీర్ కాదు దీదీ, మా బాబాయ్. ఫిట్టర్," అంది రూతు. నా ఛాతీ ఉప్పొంగింది. సింహాచలం మావ మాత్రం ట్రాలీ వదల్లేదు. "ఒరే, పొగ ముందెళ్తందిరా!" అని వచ్చినవాళ్లందరికీ తనే చూపించాడు.

ఇప్పుడు ఏ పని వచ్చినా వెల్డింగ్ మొదలెట్టే ముందు, దీన్ని నెట్టేదేమిటని అడుగుతాను. ముప్పై ఏళ్లలో నా పని వెనక్కి రావడం ఆ ఒక్కసారే. అంతకన్నా గర్వపడిన పని ఇంకోటి లేదు.