డచ్చి కేప్టెన్ ఇస్త్రీ పెట్టె

శుభాకర్ అబద్ధమాడడు. వస్తువుకు కాస్త గతం సమకూరుస్తాడు, అంతే. పోర్టులో ముప్పై నాలుగేళ్ళు టాలీ క్లర్కుగా, ఓడలోంచి దిగిన బస్తాను బస్తాగానే రాసి రాసి విసిగిపోయిన మనిషి. రిటైరయ్యాక ఆ లోటంతా తీర్చుకుంటున్నాడు.

వన్ టౌన్ సందుల్లో ఏ ఇంట అటక దులిపినా, ఆ దుమ్ముకు ముందుగా తుమ్మేది అతనే. "ఈ పాత సామానుకి సోటు దండగ కదమ్మా" అని జాలిపడి, ఆ భారాన్ని తన స్కూటరు మీదికి ఎత్తుకుంటాడు. చింతపండుతో తోమి, ఫొటో తీసి, ఆన్‌లైన్ వేలంలో పెడతాడు. చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్లు చెవి మెలిపెట్టి నేర్పిన ఇంగ్లీషు వ్యాసరచన ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. ఆ ఇంగ్లీషు తగలగానే చిల్లుపడ్డ మరచెంబు జమీందారు వేటకు వెంట తీసుకెళ్ళినదవుతుంది. చిల్లేమో పులిగోరు పని.

ఇదేం న్యాయమని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధం. "నాను కొన్నది ఇత్తడి బావా, అమ్మింది కత. కతకి ఎమ్మార్పీ ఎక్కడుంటాది?"

ఇంతటి ప్రతిభ చర్చికి ఉపయోగపడకుండా ఉంటుందా? ఏటా కోత పండుగనాడు విశ్వాసులు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు ఆవరణలో వేలం వేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఆ మైకు శుభాకర్‌దే. అతను వర్ణిస్తుంటే కోడిపుంజు కూడా మెడ తిప్పి, ఇంతకీ ఎవరి గురించి అన్నట్టు వింటుంది. పెన్షన్ ఆగినా బతుకుతాడేమో గాని, ఆ మైకు పోతే శుభాకర్ బతకడు.

పోయిన నెల రత్నమణి ఇంట్లో ఒక బొగ్గుల ఇస్త్రీ పెట్టె దొరికింది. ఇత్తడిది, పిడి ఒకవైపు కాలి నల్లబడింది. రత్నమణి డెబ్బై నాలుగేళ్ళ వితంతువు, అదే చర్చి మనిషి, శుభాకర్‌ని పేరుపెట్టి తిట్టగల కొద్దిమందిలో ఒకరు. పిడి ఎలా కాలిందో ఆమె తన పెళ్ళినాటి ముచ్చట చెబుతుంటే ఊకొట్టి, అయిదొందలు చేతిలో పెట్టి తెచ్చుకున్నాడు.

వారంలోపే శుభాకర్ ఇంగ్లీషులో ఆ పెట్టె ఒకప్పటి డచ్చి రేవు భీమిలి చేరింది. అక్కడొక డచ్చి కేప్టెన్ పెళ్ళికోసం కోటు ఇస్త్రీ చేసుకుంటూ, ప్రియురాలి పడవ కనబడగానే కిటికీ దగ్గరకు పరిగెత్తాడు. కోటు కాలింది, పిడి కాలింది, పెళ్ళి తప్పింది. ఇది చదివి పూనాలో ఒక పెద్దమనిషి కళ్ళొత్తుకుని, ముప్పై ఎనిమిది వేలు పాడాడు. ఆదివారం మధ్యాహ్నానికి వేలం ముగుస్తుంది.

అంతా బాగానే జరిగేది. కానీ రత్నమణి మనవరాలు కేథరిన్ ఫోనులో ఆ ఫొటో చూసి, కథంతా నానమ్మకు తెలుగులో చదివి వినిపించింది. శుక్రవారం పొద్దున్నే రత్నమణి శుభాకర్ వరండాలో కూర్చుంది.

"ఒరే శుభాకర్, మీ డానియేలు బావ డచ్చోడని నాకెప్పుడూ సెప్పనేదేట్రా?"

డానియేలు ఆమె భర్త. బతికినన్నాళ్ళూ పోర్టులో క్రేను నడిపాడు.

"అంటే అక్కా... ఇంగ్లీషులో అలగే రాత్తారు."

"రాత్తారు, రాత్తారు. ఆ కత నిజమైతే, ముప్పై ఎనిమిదేల సరుకుని అయిదొందలకి కొట్టీసి నన్ను ముంచీసావు. అబద్ధమైతే ఆ పూనావోడిని ముంచీసావు. ఇద్దర్లో ఎవుల్ని ముంచావో తేల్చి సెప్పు. నాను ఏడవాలో, మానాలో తెలుస్తాది."

శుభాకర్ ఫోను తీసి ముప్పై ఎనిమిది వేలను రెండుతో భాగించాడు.

"పోనీ, సగం ఇచ్చెత్తానక్కా."

"ముంచినదాంట్లో నాకూ వాటానా? నాకొద్దు. ఆదోరం కోత పండగలో ఆ పెట్టి బల్లమీద పెట్టు. అదే కత మైకులో సెప్పు. సెప్పగలిగితే పూనాకి పంపించీ. నేకపోతే మైకు ఇంకెవులికైనా ఒగ్గీ."

ఆదివారం బల్లమీద గుమ్మడికాయకూ కోడిపుంజుకూ మధ్య ఇస్త్రీ పెట్టె మెరుస్తోంది. శుభాకర్ మైకు తీసుకున్నాడు. కేప్టెన్ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాడు. ముందు వరసలో తెల్లచీరలో రత్నమణి, ఒళ్ళో బైబిలు, ముఖాన ఎంతో ఆసక్తి.

"భీమిలిలో..." అన్నాడు. కేప్టెన్ సముద్రంలో దూకేశాడు.

"భీమిలి కాదండి. ఇది రత్నమణి అక్కది. డానియేలు బావ పెళ్ళినాడు ఆత్రంలో దీంతో కోటు కాల్చుకుని, ఆ మచ్చమీద పూలదండ అడ్డం పెట్టుకుని పెళ్ళంతా నడిపించీసాడు. అయిదొందలకి కొన్నాను. ముప్పై ఎనిమిదేలకి అమ్మబోయాను."

పాస్టరు దగ్గాడు. వెనక వరసలోంచి స్టీలు ప్లాంటులో రిటైరైన ఐజాక్ అరిచాడు. "రెండేలు!"

ఆ చర్చిలో ఒక అలవాటుంది. పాడుకున్నవాడు డబ్బు కట్టి, వస్తువును మళ్ళీ బల్లమీదే పెట్టేస్తాడు. ఐజాక్ పెట్టేశాడు. తరవాత కొన్నవాళ్ళూ పెట్టేశారు. ఒకే పాత సామాను ఒకే పూట ఆరుసార్లు అమ్ముడుపోయింది. ఇంత లాభసాటి వ్యాపారం శుభాకర్ ఇంటర్నెట్టులో కూడా చూడలేదు. కాకపోతే ఇక్కడ కొన్న ప్రతివాడికీ అది డానియేలు ఇస్త్రీ పెట్టేనని తెలుసు. ఏడోసారికి ఎవరి చెయ్యీ లేవలేదు. వేలం వేస్తున్న చెయ్యే లేచింది. ఎంతకు పాడాడో రాయడం మర్యాద కాదు, అతని భార్య పుష్పకు చదువొచ్చు.

మైకు మాత్రం ఎవరూ అడగలేదు.

భోజనాలకు ముందే శుభాకర్ పూనాకు ఉన్నదున్నట్టు నాలుగు వాక్యాలు రాసి, వేలం రద్దు చేశాడు. జీవితంలో అంత చప్పటి ఇంగ్లీషు ఎప్పుడూ రాయలేదు. బిరియాని వడ్డిస్తుండగా జవాబొచ్చింది: "కేప్టెన్లు ఎక్కడైనా దొరుకుతారు. మచ్చమీద దండ కప్పుకున్న పెళ్ళికొడుకు దొరకడు. ఆ కోటు ఉందా? ధర మీరే చెప్పండి."

శుభాకర్ చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. పక్కకు జరిగాడు.

"అక్కా... బావ పెళ్ళి కోటు..."

రత్నమణి కోడికాలు ఆకులో పెట్టి, అతని వైపు తీరిగ్గా చూసింది.

"అది ఆయనికే తొడిగి పంపీసాం. తవ్వుతావేటి?"