వడగట్టి తెచ్చిన పచ్చనీళ్ళు

2011 వేసవి. శంషాబాద్‌లోని ఒక చిన్న నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. బోరు నీళ్ళు, క్యాంటీన్ల ట్యాంకులు, మా పని దాదాపు అంతవరకే. ఓ మధ్యాహ్నం రావిర్యాల వైపు నుంచి మల్లయ్య అనే రైతు కూల్‌డ్రింక్ సీసాలో నీళ్ళు పట్టుకొచ్చాడు.

"బండల నడుమ గుండమున్నది సారూ. నీళ్లు పచ్చగైనయి. ఒక బర్రె మేత ముడుతలేదు. విషమని ఊరంత ఒకటే లొల్లి. రేపు పొద్దుగాల మొరం పోసి పూడుస్తమంటున్రు. ఎండకాలం నా బర్రెలకు గదొక్కటే దిక్కు."

ముందు పీహెచ్ చూశాను. నీటి పులుపును చెప్పే అంకె అది. ఏడుకు తగ్గితే ఆమ్లం. ఇక్కడ ఐదున్నర! మా బోర్లలో ఎప్పుడూ చూడలేదు. ఆసక్తిగా మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఏమీ లేదు. మడ్డిని అడుగుకు దించే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూసినా లేదు.

"పచ్చగా ఉన్నాయన్నారు కదండీ, ఇవి తేటగా ఉన్నాయేంటి?"

"వడగట్టిన గద! సారు చేతికి నాచు నీళ్లిస్తరా ఎవలన్న? తువ్వాల మూడు మడతలేసిన."

"ఆ తువ్వాల ఏదీ?"

సంచిలోంచి తీశాడు. ఇంకా తడిగానే ఉంది. కొసను గాజుపలక మీద పిండాను. నెలవంకల్లాంటి పచ్చటి కణాలు! ఒక్కోదాని రెండు కొసల్లోనూ సన్నటి స్ఫటికాలు గజగజ ఆడుతున్నాయి. క్లోస్టీరియం. చలిదేశాల పులుపు బురదనీళ్ళలో పెరుగుతాయని పుస్తకాల్లో చదివిన డెస్మిడ్స్ జాతి నాచు. అయోడిన్ చుక్క వేస్తే నల్లబడ్డాయి, అంటే లోపల పిండిపదార్థం ఉంది. విషం విడిచే నీలాకుపచ్చ నాచు అలా నల్లబడదు.

మల్లయ్య కూడా కన్ను పెట్టి చూశాడు. "ఓర్నీ! నా బర్రెలు రోజు చందమామలు తాగుతున్నయా? మరి పాలు గట్ల పల్చగెందుకున్నయి?"

తువ్వాలను నమ్మి తీర్పు చెప్పలేను. సాయంత్రం ఆయన బండి వెనక కూర్చుని గుండం దగ్గరికెళ్ళాను. అడుగున ఆకులు కుళ్ళి, ఒడ్డు దగ్గర నీళ్ళు డికాక్షన్ రంగులో ఉన్నాయి. నీళ్ళకు ఆ పులుపు వచ్చింది ఈ ఆకుల వల్లే కావచ్చు. నేనే సీసా ముంచి, ల్యాబ్‌కు తెచ్చి చూశాను. అవే నెలవంకలు. విషపు నాచు కనబడలేదు.

"జర మా వార్డు మెంబరుకు ఫోన్ల చెప్పు సారూ. మొరం పోయిస్తున్నది ఆయననే. నా మాట ఇనడు."

చెప్పాను. గేదెను డాక్టరుకు చూపించమనీ చెప్పాను. మొరం ట్రాక్టరు ఆగింది. గేదె కడుపులో పురుగులున్నాయని పశువుల డాక్టరు తేల్చాడట.

ఇప్పుడు ఎవరు సీసా తెచ్చినా, మూత తీయకముందే "తెచ్చేముందు దీన్ని ఏం చేశారు?" అని అడుగుతాను. కాచామనీ, వడగట్టామనీ గర్వంగా చెబుతారు. ఆ రోజు మొదటి చుక్క చూసి "ఏమీ లేదు" అని చెప్పేసినా గుండం మిగిలేదేమో. కానీ ఆ గేదెలు తాగే నీళ్ళను చూడకుండానే సాక్ష్యం చెప్పినవాణ్ణయ్యేవాణ్ణి.