సత్తార్ డ్రమ్ము మీద బల్లి

సత్తార్‌కు ఉన్నది ఒకటే జబ్బు. మనిషి మొహం చూడడు, చేతులు చూస్తాడు. నరసరావుపేట రిజిస్ట్రారాఫీసు సందులో వాడి జిరాక్సు కొట్టు గడప తొక్కాలంటే, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, కంది రైతైనా సరే, ముందు రెండు చేతులూ చాపి చూపించాలి. పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా అంత పరీక్షగా చూడరు.

"చెయ్యి!" అంటాడు. చూపిస్తాం.

"తిప్పు!" అంటాడు. తిప్పుతాం.

"ఇదేంది, మిరప్పొడా? పో, కడుక్కునిరా!"

గుమ్మం పక్కనే బకెట్టు, చెంబు, సబ్బు, మేకుకు వేలాడే తువ్వాలు. వాటికి కాపలా వాడి భార్య జాన్‌బీ. బీడీలు చుట్టుకుంటూ అక్కడే కూర్చుని, ఎవరైనా ఉత్త నీళ్ళతో సరిపెడితే "ఏమయ్యోయ్, ఈయన సబ్బు రాయలే!" అని లోపలికి కేకేస్తుంది. అంత కాపలా కాసినా ఆవిడకు మాత్రం కొట్టులోకి ప్రవేశం లేదు. పొగాకు చేతులు కదా!

సత్తార్ గురించి రాయడానికి నాకంటే అర్హుడు లేడు. ఎందుకంటే వాడి కొట్టుకు ఎదురరుగు మీద ముప్పయ్యేళ్ళు దస్తావేజులు రాసిన త్రికోటేశ్వరరావును నేనే. చదివింది నూజెండ్ల పక్కన మా ఊరి బళ్ళో ఐదో తరగతి. అయితేనేం? నేను రాసిన దస్తావేజులో ఒక్క కొట్టివేత, ఒక్క సవరణ చూపిస్తే కలం విరిచి చేతిలో పెడతానని సందంతా వినేటట్టు సవాలు చేశాను. ఏ ప్లీడరూ చూపించలేకపోయాడు. ముప్పై వేల మంది బొటనవేళ్ళు నా చేత్తో పట్టుకుని ఇంకు ప్యాడు మీద అద్దించాను. ముద్ర చూసి మనిషి పేరు, ఊరు చెప్పేవాణ్ణి. అచ్చంపేట వేలుకీ వినుకొండ వేలుకీ తేడా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను మాత్రం జన్మలో ఎక్కడా వేలిముద్ర వెయ్యలేదు. మా ఆఫీసులో ముద్ర వేసేది అమ్మేవాళ్ళు. నేను కొన్నానే గానీ గజం నేల అమ్మలేదు. ఇక సంతకమంటారా, నా సంతకం తోకే రెండంగుళాలు.

ఇంకొకటి కూడా చెప్పాలి. యాభై దాటినా నా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అంతా స్వచ్ఛమైన ఆముదం మహిమ. వేలికి అంటిన ఇంకును తలకు రాసుకోవడం మా వృత్తిలో అందరికీ ఉన్న అలవాటే. నా తలకు మాత్రం ఆముదమూ ఇంకూ రెండూ పట్టాయి.

సత్తార్ అంతకుముందు రేడియోలు బాగుచేసేవాడు. ఎనభై ఆరులో ఎక్కడెక్కడివో కూడబెట్టి ఆ జిరాక్సు మిషను తెచ్చాడు. తెచ్చిన రోజు సందంతా తిరునాళ్ళే! కాగితం పెడితే కాగితం పుడుతోంది! నేనైతే నా దస్తావేజు నకలు చూసి, నా సంతకం తోక కూడా అట్టాగే వచ్చిందా లేదా అని నాలుగుసార్లు కొలిచాను.

"ఇంతకీ దీని కడుపులో ఏముందిరా?" అని అడిగాను.

"డ్రమ్ము మామా!" వాడి కళ్ళు మెరిశాయి. "పాతవాటికి లోహం పూత ఉండేది. ఇది కొత్త రకం, ఆర్గానిక్ అంటారు. బట్టలకేసే రంగుల జాతి సరుకన్నమాట. రేకు గొట్టం మీద పల్చగా ఒక పూత, దాని మీద ఇంకో పూత. చీకట్లో పైన కరెంటు చల్లుతాం. వెలుతురు తగిలిన చోట కింది పూత నిద్రలేచి కరెంటు పుట్టిస్తది. పై పూత దాన్ని మోసుకొచ్చి, మనం చల్లినదాన్ని చల్లార్చేస్తది. అక్షరం నీడ పడ్డచోట మాత్రం కరెంటు అట్టాగే కూచుంటది. నల్లపొడి పోయి అక్కడ అతుక్కుంటది. అదే నీ దస్తావేజు!"

"బానే ఉంది. మధ్యలో మా చేతులేం చేశాయిరా?"

"అంతా పైపొరలోనే ఉంది మామా! ఆ పూతంతా కలిపి వెంట్రుకలో సగం మందం లేదు. చెమటో నూనో తగిలిందనుకో, పూత దాన్ని తాగేస్తది. ఇంక ఆ చోట కరెంటు మొండికేసి దిగదు. మచ్చ పడితే పడ్డట్టే. తుడిస్తే పోయేది కాదు."

"నా చేతులకేం? రాతగాడి చేతులు."

"రాతగాడివైనా సరే. చెయ్యి! తిప్పు!"

ఆ డ్రమ్మును వాడు ఎవరికీ చూపించేవాడు కాదు. నెలకోసారి బయటికి తీసి మిషను శుభ్రం చేసేటప్పుడు దానికి నల్లగుడ్డ కప్పేవాడు. "మా ఇంట్లో దానికే ఘోషా" అని జాన్‌బీ మూతి తిప్పేది.

అయితే నరసరావుపేట మొత్తమ్మీద దాన్ని ముసుగు లేకుండా చూసిన బయటివాణ్ణి నేనొక్కణ్ణే. ఒక శుక్రవారం సత్తార్ నమాజుకు వెళ్ళాడు. నకలుకు ఇవ్వాల్సిన దస్తావేజు బల్ల మీద పెట్టి వద్దామని వెళ్ళాను. వాడు లేకపోయినా వాడి నియమం నేను తప్పలేదు. సబ్బు పెట్టి చేతులు కడిగాను, తువ్వాలుతో తుడిచాను. పెద్దమనిషిని కదా, తల ఒకసారి సవరించుకుని లోపలికి వెళ్ళాను. బల్ల మీద నల్లగుడ్డ కింద డ్రమ్ము. కొంచెం ఎత్తి చూశాను. ఆహా, నీలం రంగులో నెమలి మెడలా నిగనిగలాడిపోతోంది! దాని మీద ఒక దుమ్ము కణం ఉంటే, సత్తార్ కష్టపడతాడని బొటనవేలితో సుతారంగా తీసేసి, గుడ్డ కప్పి వచ్చేశాను. నా ఉపకారం చెప్పుకోవడం నాకిష్టం ఉండదు కాబట్టి వాడితో అనలేదు.

శని, ఆదివారాలు సెలవులు పోయి, సోమవారం పన్నెండు గంటలకు మిరప కోతల కూలి మార్తమ్మ, ఆమె కూతురు సుశీల పరుగెత్తుకొచ్చారు. పిల్ల నర్సు ట్రైనింగుకు పెట్టుకుంటోంది. అర్జీ నేనే రాశాను, ఒక్క కొట్టివేత లేకుండా. సాయంత్రం ఐదింటికల్లా గుంటూరు ఆఫీసులో ఇవ్వకపోతే ఆ ఏటికి అంతే. ఒంటిగంట బస్సు తప్పితే ఐదింటికి చేరేది లేదు.

"రైటర్ గారూ, పశువుల డాక్టరు గారు నకలు మీద గెజిటెడ్ సంతకం పెట్టనన్నాడయ్యా!" అంది మార్తమ్మ ఆయాసపడుతూ. "నకలులో పుట్టిన సంవత్సరం మీద మచ్చ ఉందంట. దిద్దినట్టుందంట. మచ్చలేని నకలు తెస్తే చిటికెలో పెడతానన్నాడు."

సుశీల ఏడవడం లేదు. పొద్దున కొట్టు తెరవగానే హడావిడిగా తీయించిన టెన్త్ సర్టిఫికెట్టు నకలు పట్టుకుని బిగుసుకుపోయి నిలబడింది. నేను తీసుకుని చూశాను. పుట్టిన సంవత్సరం మీద నల్లటి ముద్ర. ఆరంగుళాల కింద, మార్కుల దగ్గర, అచ్చం అదే ముద్ర ఇంకొకటి.

ఎదురు కొట్టుకు తీసుకెళ్ళి చూపిస్తే సత్తార్ మొహం పాలిపోయింది. అద్దం మీద ఉత్త తెల్లకాగితం పెట్టి మీట నొక్కాడు. వచ్చిన నకలు మీద రెండు ముద్రలు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అక్కడే రెండు.

"డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే ఆరంగుళాలు," అన్నాడు. "ఎవరో వేలు పెట్టారు మామా."

నాకు ఒళ్ళు మండిపోయింది! ఇంత జాగ్రత్తగా చూసుకునే డ్రమ్ము మీద వేలు పెట్టిందెవడు? "ఆ కాగితం ఇటు తే!" అన్నాను. భూతద్దం తీశాను. సందులో జనమంతా గుమిగూడారు. "ముప్పై వేల వేళ్ళు చూసినవాణ్ణి. ఇప్పుడే పట్టేస్తా. వాడి బొటనవేలు చితక్కొట్టించకపోతే నా పేరు త్రికోటేశ్వరరావు కాదు!"

చూశాను. చక్రం. చక్రం నడుమ నువ్వుగింజంత ఖాళీ. ఇటు తిప్పాను, అటు తిప్పాను. నా జీవితంలో మొదటిసారి వేలి పేరు నోటికి రాలేదు. జనం నా మొహం వంకే చూస్తున్నారు.

"ఇది... మన తాలూకా వేలు కాదు," అన్నాను. "మాచర్ల వైపుది."

"మా దానయ్యది మాచర్లే కదా!" అన్నారెవరో. అంతే, టీకొట్టు దానయ్యను నలుగురు పట్టుకుని లాక్కొచ్చారు.

"నేనెందుకు పెడతానయ్యా? నా చేతికి పాల జిడ్డుందని ఆయన నన్ను మిషను వచ్చిన కాడి నుంచీ గడప తొక్కనీలేదు!" అని దానయ్య లబోదిబోమన్నాడు.

"అదే పగ! పగబట్టే పెట్టాడు!" అన్నాను నేను ఉత్సాహంగా.

ఈలోగా సత్తార్ మిషను తెరిచి, డ్రమ్ముకు ముక్కు ఆనించి వాసన చూశాడు. తలెత్తి నావైపు చూశాడు. కళ్ళలోకి కాదు, ఇంకొంచెం పైకి. మళ్ళీ ఒకసారి వాసన చూశాడు. మిషను మూసేశాడు.

"వదలండి దానయ్యని. ఇది మనిషి కాదు. బల్లి."

"బల్లేందిరా!" అన్నాను. "గీతలు కనపడతన్నాయి!"

"బల్లి పాదానికీ గీతలుంటయ్ మామా. పైకప్పు నుంచి డ్రమ్ము మీద పడింది, నేనే చూశా. మనిషి వేలైతే నీ కంటికి దొరక్కపోయేదా?"

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది! "అదీ సంగతి! అందుకే పేరు రాలేదు!" అని జనం వైపు తిరిగాను. "విన్నారా? మనిషిదైతే చెప్పేవాణ్ణే!" జనం కూడా ఒప్పుకున్నారు. దానయ్య చొక్కా సర్దుకుంటూ "బల్లికీ మాచర్లకీ సంబంధమేంది?" అని గొణిగాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

"సత్తారన్నా," అంది సుశీల మెల్లిగా. "పన్నెండున్నర."

సత్తార్ ఆ మచ్చపడ్డ నకలును వెలుతురుకు ఎత్తి పట్టుకుని పెదాలు కదుపుతూ ఏదో కొలిచాడు. "ముద్ర ఎప్పుడూ ఒకే వరసలో పడతంది. డ్రమ్మును జరపలేం. సర్టిఫికెట్టుని జరుపుదాం!" అని ఎగిరాడు. పెద్ద కాగితం ఎక్కించాడు. సర్టిఫికెట్టును అద్దం మీద మూడు వేళ్ళ వెడల్పు పక్కకి నెట్టాడు. మీట నొక్కాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. నకలు బయటికొచ్చింది. రెండు ముద్రలూ ఖాళీ అంచులో పడ్డాయి! పుట్టిన సంవత్సరం తళతళలాడుతోంది!

సత్తార్ కత్తెర తీసి, ముద్రలున్న అంచును పట్టీలా నిలువుగా కత్తిరించేశాడు. ఆ ముక్కను పారెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు.

"అదెందుకురా?"

"బల్లి గుర్తు."

దానయ్య అప్పటికే బస్టాండుకు పరుగు తీసి, బస్సు ముందు టీ కెటిల్‌తో అడ్డంగా నిలబడ్డాడు. పశువుల డాక్టరు మాట ప్రకారం చిటికెలో సంతకం పెట్టాడు. సుశీల బస్సెక్కింది. నాలుగున్నరకు అర్జీ అందింది. ట్రైనింగులో సీటు వచ్చింది. అర్జీ నేను రాసిందే అని ఇంకోసారి గుర్తుచేస్తున్నాను.

కొత్త డ్రమ్ము కొనడం సత్తార్ తరం కాలేదు. ఆనాటి నుంచి రెండేళ్ళపాటు ప్రతి కాగితాన్నీ మూడు వేళ్ళు పక్కకి జరిపి, నకలు తీసి, అంచు కత్తిరించి ఇచ్చేవాడు. రోజుకు వందల కాగితాలు! "సత్తార్ కాగితానికి కూడా క్షవరం చేస్తాడు" అని సందంతా నవ్వేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను.

ఎనభై ఎనిమిదిలో మా ఊరి బడికి రెండు సెంట్ల స్థలం దానం రాశాను. ఆ బడి నాకిచ్చిన ఐదు తరగతులకు బదులుగా. దానపత్రం నేనే రాసుకున్నాను, అమోఘంగా వచ్చింది. తీరా ఆఫీసులో గుమాస్తా "రైటర్ గారూ, ఇచ్చేవారు కాబట్టి మీరు కూడా పుస్తకంలో ముద్ర వెయ్యాలండీ" అన్నాడు. నా బొటనవేలు నేనే పట్టుకుని, దర్జాగా అద్ది, ఎత్తాను.

చక్రం. చక్రం నడుమ నువ్వుగింజంత ఖాళీ.

వేలు తలకు రాసుకోబోయి ఆగిపోయాను. అట్టాగే సందు దాటి సత్తార్ కొట్టు ముందు నిలబడ్డాను. జాన్‌బీ నా వేలు చూసింది, నా మొహం చూసింది, బీడీల చేట పక్కన పెట్టి పగలబడి నవ్వింది.

"రెండేళ్ళు పట్టిందా రైటరన్నా? ఆ రోజు చేతులు కడుక్కుని, మళ్ళీ తల సవరించుకుంటా లోపలికి పోతివి. నేను చూడలేదనుకున్నావా?"

"మరి చెప్పవేందమ్మా!"

"నోరెత్తొద్దని ఈయన ఒట్టేయించుకున్నాడు."

లోపల సత్తార్ తలవంచుకుని ఎవరిదో కాగితం అంచు కత్తిరిస్తున్నాడు.

"ఒరేయ్ సత్తార్, రెండేళ్ళుగా నువ్వు కత్తిరించేది నా వేలినట్రా?"

"ముప్పై వేల వేళ్ళు చదివినోడివి మామా. ఒక్కదాని దగ్గర ఓడిపోయావని తెలిస్తే ఈ సందులో నీ అరుగెవడెక్కుతాడు? మూడు వేళ్ళు జరిపితే పోయేదానికి మనిషి పరువు తియ్యాలా?" తలెత్తకుండానే అన్నాడు. "అయినా అది బల్లే. నేను కళ్ళారా చూశా."

"ఎట్టాంటి బల్లిరా?"

"తలకు ఆముదం రాసుకునే బల్లి."

 ఎంతైనా నేను మాట మీద నిలబడే మనిషిని. నా లెక్క ముప్పై వేలు కాదు, ముప్పై వేల ఒకటి. సవరణ పడింది కాబట్టి సవాలు ప్రకారం జేబులో కలం తీసి, విరవబోతూ గడప లోపలికి ఒక అడుగు వేశాను.

"ఆగాగు!" సత్తార్ డ్రమ్ముకు అడ్డంగా రెండు చేతులూ చాపి అరిచాడు. "అది విరిస్తే ఇంకంతా నా కొట్టులో పడుద్ది! చెయ్యి! తిప్పు! పో మామా, ముందు కడుక్కునిరా!"

వెళ్ళి కడుక్కున్నాను.

"ఏమయ్యోయ్," జాన్‌బీ కేకేసింది, "ఈయన సబ్బు రాయలే!"