మిలాన్ మెట్ల మీద పిన్ని

పిన్ని పోయిందని పోయినవారం ఆమె కొడుకు ఫోన్ చేశాడు. కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టే పోయిందట. పోయిందంటే నమ్మాను, ఎనభై దాటిన మనిషి. కూర్చుందంటేనే నమ్మకం కుదరలేదు.

మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకంటే కొద్దిగానే పెద్ద. మలేషియాలో సుంగై పెటాని దగ్గర రబ్బరు తోటలో పుట్టి, పెళ్ళయి క్లాంగ్ వచ్చి, ఫ్యాక్టరీలో నిలబడి చేసే పనిలోనే వయసంతా గడిపింది. పని మానేశాక కూడా నిలబడటం మానలేదు. టీ నిలబడే తాగేది. కౌలాలంపూర్ రైలు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడేది. విందుల్లో మనం ఇంకా నములుతుండగానే పళ్ళెం లాక్కుపోయేది. చర్చిలో పాస్టరు గారు “చివరిగా ఒక్కమాట” అనగానే లేచేది. ఆ ఒక్కమాట అరగంట సాగుతుందని మా అందరికీ తెలుసు, లేచే ధైర్యం మాత్రం ఆమెకే ఉండేది. “కూసున్నోడికి కునుకే సుట్టం” అనేది.

అలాంటి మనిషితో నేను కొన్నేళ్ళ క్రితం ఒక జనవరిలో మిలాన్ చూశాను. చూశాననడం కంటే, ఆమె వెనక పరిగెత్తాననడం న్యాయం.

నన్నెందుకు తీసుకెళ్ళిందో చెప్పాలి. పోర్ట్ క్లాంగ్ గోడౌన్లో పనిచేసే రోజుల్లో ఇటలీ చలువరాళ్ళ పెట్టెలు దించించేవాణ్ణి. వాటి మీది అక్షరాలు కూడబలుక్కుని మూడు ఇటలీ మాటలు నేర్చాను: పైకి, కిందికి, పగులుతుంది జాగ్రత్త. ఈ మూడింటితో ఒక దేశం తిరిగి రావచ్చని పిన్ని నమ్మకం. చలికాలంలో ఎందుకంటే, “అప్పుడైతే జనం ఉండరు లా, ఊరు బాగా అగుపిస్తాది” అంది, మలేషియా వాళ్ళందరి నోటా ఊరికే దొర్లే ఆ ‘లా’ తగిలించి.

అసలు కారణం మీకు చెబుతాను, మా బంధువులందరికీ తెలిసిందే. ఆమె కూతురు ఆ ఊళ్ళోనే ఉంటుంది. చదువుకోవడానికి వెళ్ళి, ఇంట్లో చెప్పకుండా అక్కడివాణ్ణి పెళ్ళి చేసుకుంది. “నా గడప తొక్కొద్దు” అంది తల్లి. “నువ్వూ నా గడప తొక్కొద్దు” అంది కూతురు. ఆ తల్లికి పుట్టిన పిల్లే గదా, ఇద్దరూ మాట మీద నిలబడ్డారు. ఏళ్ళు గడిచాయి. ఒక్కసారి కూతురి మొహం చూడాలని పిన్ని ప్రాణం కొట్టుకుంటోంది. నోరు మాత్రం ఊరు చూడ్డానికే అంటోంది.

జనవరి మిలాన్ పెళ్ళయిపోయిన పందిరిలా ఉంది. పండగ దీపాలు విప్పుతున్నారు. పెద్ద చర్చి ముందు మేమూ పావురాలూ తప్ప ఎవరూ లేరు. మధ్యాహ్నం మూడింటికి ఆకలేస్తే ఏ హోటల్లోనూ పొయ్యి వెలగదు. ఏ వేళకైనా రొట్టె కాల్చిపెట్టే మామక్ కొట్ల మధ్య బతికినవాళ్ళం, ఇదేం ఊరని తిట్టుకున్నాం. పొగమంచును చూసి పిన్ని, “దీనికా ఇంత దూరమొచ్చినాం? రబ్బరు తోటలో పొద్దున్నే రోజూ ఇదే గదా” అంది.

చర్చిలో కళ్ళు మూసింది, తెరిచింది. “సెప్పాల్సింది సెప్పినాను, పద.”

“ఏటి చెప్పావు పిన్నీ?”

“నీకెందుకురా?”

ట్రామెక్కితే రెండో స్టాపులో దిగిపోయేది. ఎక్కడ దిగినా, ఎటు తిరిగినా సాయంత్రానికి ఒకే వీధిలో తేలేవాళ్ళం. అక్కడ మూడో అంతస్తు కిటికీకి, మా వైపు ఆడవాళ్ళు నడుముకు లుంగీలా చుట్టుకునే బాతిక్ గుడ్డ తెరగా వేలాడుతుండేది.

“అది నా సారంగు. దొంగ గుంట, ఎత్తుకొచ్చేసినాది” అంది పిన్ని. ఆ తిట్టులో కోపం వెతికినా దొరకలేదు.

“పైకెళ్దామా?”

“పిలవని ఇంటికి ఎలాగెల్తాన్రా?”

“నువ్విక్కడున్నట్టు తెలిస్తే గదా అది పిలవడానికి!”

“రేపు సూద్దాం లా.”

రేపులన్నీ అయిపోయాయి. తెల్లారితే విమానమనగా, సన్నజల్లులో అదే వీధిలో నిలబడి “ఒరే, పద” అంది. ఎక్కడికని అడగలేదు. ఎవరో బయటికొస్తుంటే తెరుచుకున్న తలుపులోంచి దూరిపోయింది.

మూడంతస్తులూ ఆగకుండా ఎక్కింది. గుమ్మం ముందు తడిసిన గుడ్డ బూట్లు విప్పి, గోడవార జోడుగా పెట్టి, అప్పుడు గంట నొక్కింది. మన దగ్గర ఎవరింటికెళ్ళినా అంతే గదా. అక్కడ మరే గుమ్మం ముందూ ఒక్క జోడు లేదు. లోపల ఎవరూ లేరు.

“తొడుక్కో పిన్నీ. నేల మంచుగడ్డలా ఉంది. కింద హోటల్లో కూర్చుని మళ్ళీ వద్దాం.”

“ఇప్పేసినాను గదా. మల్లీ తొడిగితే ఎలిపోతన్నట్టే.”

నిలబడింది. చీకటి పడింది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఆమె సాక్సుల కేసి చూసి వెళ్ళారు. అంతసేపు ఒక్కచోట ఆమె ఉండగా నేను చూడ్డం అదే. చలికి ఈ పాదం మీద ఆ పాదం పెట్టుకునేది, అంతే.

బరువైన సంచితో కూతురు మెట్ల మలుపు తిరిగి ఆగిపోయింది.

“ఎప్పుడొచ్చినావు?” అంది చివరికి.

“ఇప్పుడే” అంది పిన్ని.

నేను దగ్గాను. కూతురు నా వైపు చూడలేదు, తల్లి పాదాలనే చూస్తోంది.

“సాక్సులు తడిసిపోనాయి.”

“తడిస్తే తడిసినాయి. రమ్మంతావా, లేదా?”

కూతురు సంచి దించింది. మెట్టు మీద కూర్చుని, తాళ్ళు లాగి, తన బూట్లు కూడా అక్కడే విడిచేసింది. తలుపు తీసి, తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. ఆ తర్వాత వినిపించిన ఏడుపు ఎవరిదో చెప్పలేను. ఇద్దరిదీ ఒకే గొంతు.

నన్ను మరిచిపోయారు. మెట్ల దీపం దానంతటదే ఆరిపోయింది. తడుముకుని మీట నొక్కాను. కూతురి పొడుగు బూటు ఒకటి వాలి, పిన్ని బూటు మీద పడివుంది. జోడుగా సర్దుదామని వంగి, మానేశాను.