పాటిగడ్డ మన్ను

తొగుట దారిలో, మా ఊరికి పడమటి దిక్కున పాటిగడ్డ ఉండేది. ఎప్పుడో ఎవరో బతికి వదిలిపోయిన ఊరు. అది ఎవరి ఊరో మా ముసలోళ్లకు కూడా తెలియదు. రాళ్ల గోడల మొదళ్లు, సగం అరిగిన నూరుడుబండలు, లోపల నలుపూ బయట ఎరుపూ ఉండే కుండపెంకులు. మన్ను మాత్రం బూడిదలా మెత్తగా ఉండేది. ఆ మన్ను పొలంలో పోస్తే వేరే ఎరువు అక్కర్లేదని ఎండాకాలంలో బండ్లు కట్టేవాళ్లు. మెత్తగా ఉంటుందనే, పాలు తాగే పిల్లలు పోతే అక్కడే పూడ్చేవాళ్లు. రెండు పనులూ ఒకే గడ్డ మీద ఏమిటి, వీళ్ల తెలివి తగలెయ్య, అని నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అయితే తవ్వేది ఒక పక్క, పూడ్చేది ఒక పక్క. గీత ఎవరూ గీయలేదు గానీ అందరికీ తెలుసు.

పందొమ్మిది వందల నలభైల్లో ఒక ఎండాకాలం, దొర తన చెరువు కింది పొలాలన్నిటికీ పాటిమన్ను తోలమన్నాడు. వెట్టి. ఎద్దులున్న ప్రతి ఇల్లూ బండి కట్టాల్సిందే. మా అక్క మొగుడూ కట్టాడు. అక్క కొడుకు, చంటివాడు, జ్వరమొచ్చి పోయి అప్పటికి నెల కూడా కాలేదు. వాణ్ణి ఆ గడ్డ మీదే ఒక పాత గోడ మూలన పూడ్చి, కుక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పి వచ్చాం.

బండ్లు పిల్లల్ని పూడ్చే పక్కకు వచ్చాయని బావి దగ్గర ఎవరో అన్నారు. అక్క బిందె అక్కడే వదిలేసి ఉరికింది. వెనక నేను. మేం పోయేసరికి గోడ లేదు, మూల లేదు. ముళ్లకంప దూరంగా పడి ఉంది. మనిషి లోతు గుంట, అందులో పార పట్టుకుని మా బావ.

"నీ చేతులతోనే తవ్వినవా బావా? నోరు లేదా నీకు?" అని అరిచాను.

"నేను తవ్వలే. దొర మనిషి కాళ్ల మీద పడ్డ, గా మూల ఒక్కటి ఇడ్సిపెట్టున్రి అని. సరే అన్నడు. నేను బండి తోల్కపోయి వచ్చేటాళ్లకు తవ్విన్రు."

అక్క గుంటలోకి దిగి గోళ్లతో మన్ను గీకడం మొదలుపెట్టింది. బావ కాసేపు చూశాడు. చూడలేక, గుంట గోడలోంచి బయటపడ్డ ఒక పాత కుండను పెకిలించి తెచ్చాడు. అందులో చిన్న చిన్న ఎముకలు, ఒక పిల్ల పుర్రె.

"ఇగో, గీడున్నడు. మనోడే. తీస్కో, వేరే జాగల పెడదాం."

అక్క పుర్రెను రెండు చేతుల్లోకి తీసుకుంది. కొంగుతో మన్ను తుడిచి చూసింది.

"గీనికి పండ్లున్నయి. నా కొడుక్కు పండ్లు యాడ వచ్చినయయ్యా? నేను వాణ్ణి కుండల పెట్టిన్నా? నా చీరల సుట్టి పెట్టిన గద."

ఆ కుండ ఎవరి బిడ్డదో, ఏ కాలంలో ఏ తల్లి పెట్టిందో. అయ్యో, ఆమెకూ మాలాగే ఈ మన్ను మెత్తగా తోచిందేమో. అక్క ఆ కుండను గుంట అడుగున పెట్టి మళ్లీ మన్ను కప్పింది. మర్నాడు దాన్నీ తవ్వుకుపోతారని ముగ్గురికీ తెలుసు.

"ఆ మూల మన్ను ఏ బండిల పోయింది? ఏ పొలంల పోసిన్రు?" అని అక్క కనిపించిన వాళ్లనల్లా అడిగింది. ఎవరు చెప్తారు? అన్నీ ఒకే దారిన పోయిన బండ్లు. పోసిన కుప్పలన్నీ దున్ని కలిపేశారు.

వానలు పడ్డాయి. ఆ యేడు దొర వరి నల్లగా ఏపుగా పెరిగింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు తిట్టబుద్ధయింది, కానీ ఎవరిని తిట్టాలి? కలుపుకు ఆడవాళ్లంతా రావాలని కబురొచ్చింది. నీ బదులు నేను తీస్తా, నువ్వు రావద్దని అక్కను బతిమాలాను. వినలేదు. ఇద్దరం దిగాం. ఆమె చెయ్యి కలుపు మీద లేదు. బురదలో ఎముకలా తెల్లగా కనిపించిన ప్రతిదాన్నీ ఏరి కొంగులో వేసుకుంటోంది. గట్టు మీద నుంచి దొర మనిషి అరుస్తున్నాడు. ఆమె ఒక ముక్కను కడిగి నా అరచేతిలో పెట్టింది.

"సూడు చెల్లె, గిది బొక్కనా, నత్తగుల్లనా?"

నాకు తెలియలేదు. "నత్తగుల్లనే అక్కా" అన్నాను.

ఆమె దాన్ని కూడా కొంగులోనే వేసుకుంది.