జెండా కర్రకు చుట్టిన ల్యాప్‌టాప్

రెండేళ్ల కిందట నేను బిలాస్‌పూర్‌లో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా, కాలేజీలో 'రేపటి ల్యాప్‌టాప్' నమూనాల పోటీ పెట్టారు. మా నాన్న గూడ్సు బండి గార్డు. కర్రలకు చుట్టిన జెండాలను చంకలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లేవారు. కంప్యూటర్ కూడా అలా చుట్టుకుపోతే ఎంత బాగుంటుందో అనిపించింది. పాత కర్ర ఒకటి ఇమ్మంటే, "దీంతో ఏటి చేస్తావే?" అంటూనే ఇచ్చారు. దానికి మెత్తటి ప్లాస్టిక్ తెర అతికించి, మీటలు గీశాను.

పోటీ రోజు వేదిక మీద విప్పి చూపించబోతుంటే నమూనా చేతిలోంచి జారిపోయింది. దొర్లుకుంటూ వెళ్లి కింద జడ్జిగారి బల్ల కాలికి తగిలి ఆగింది. హాలంతా ఒకటే నవ్వు.

"ల్యాప్‌టాప్ చెయ్యమంటే జెండా కర్ర తెచ్చావేంటమ్మా?" అన్నారాయన హిందీలో.

నాకు ఒళ్లు మండింది. దిగి వెళ్లి దాన్ని తీసి, ఆయన బల్ల మీదే విప్పి పరిచాను. ఎక్కడా చిన్న గీత కూడా పడలేదు.

"నాది పడినా ఏమీ కాలేదు సార్. ఇప్పుడు మీది ఓసారి పడేయండి, చూద్దాం" అన్నాను.

ఆయన చెయ్యి గబుక్కున పక్కనున్న తన ల్యాప్‌టాప్ మీదికి వెళ్లి, దాన్ని గట్టిగా పట్టుకుంది.

బహుమతి వేరేవాళ్లకు ఇచ్చారు. నాకు మార్కులు వేసింది మాత్రం ఆ చెయ్యే.