ఆర్థర్ గారు ఇవ్వని మాట

ఈ సంగతి నా ఉద్యోగంలో చివరి ఏడాదిది. ఇంగ్లండ్‌లో, స్విండన్‌కు కొంచెం దూరంలో, ఒక చిన్న పట్టణంలోని ఎంపీ కార్యాలయంలో నేను కేస్‌వర్కర్‌ని. ఇల్లు, వీసా, పెన్షన్, ఏ ఇబ్బంది వచ్చినా జనం ఎంపీకి చెప్పుకుంటారు. ఆయన తరఫున ఆయా శాఖలకు రాసి, జవాబు వచ్చేదాకా వెంటపడటం మా పని.

మా ఎంపీ ఆర్థర్ గారు ఇరవై ఏళ్లకు పైగా గెలుస్తూ వచ్చిన మధ్యేవాది. అటువాళ్లు ఇటువాడనీ, ఇటువాళ్లు అటువాడనీ తిట్టేవారు. ఆయన ఇద్దరికీ స్వయంగా టీ కలిపి ఇచ్చేవారు. ఆ టీ మాత్రం నోట పెట్టలేం. శుక్రవారాల్లో జనాన్ని కలిసేవారు. దాన్ని ఇక్కడ సర్జరీ అంటారు. ఆ మాట విని, కొత్తగా వచ్చిన మనవాళ్లు కొందరు బీపీ రిపోర్టులు పట్టుకొచ్చేవారు. ఆయన నవ్వకుండా, వాళ్లను పక్క వీధిలోని జీపీ డాక్టరు దగ్గర దిగబెట్టి వచ్చేవారు.

ఆ ఏడాది మా ఊరి ఆసుపత్రిలో ప్రసూతి వార్డు మూసేసి, నగరంలోని పెద్దాసుపత్రిలో కలపాలని అధికారులు నిర్ణయించారు. ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఇక్కడ ఉంటున్న భారతీయులకూ వాటిలో ఓటుంటుంది. వృద్ధులను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేసే మేరీ అనే నెల్లూరు అమ్మాయి సర్జరీకి వచ్చింది. ఆమెకప్పుడు ఐదో నెల.

“ఆంటీ, వార్డు ఉంటాదని సార్‌ని ఒక్క మాట చెప్పమనండి. మా ఆయనకి నైట్ డ్యూటీ, కారు లేదు. నొప్పులొస్తే అంత దూరం నేనెట్టా పోయేది?”

నేను ఇంగ్లిషులో చెప్పాను. వార్డు మూయకుండా ఆపాలని చూశాననీ, కుదరలేదనీ, వెళ్లే దారి మాత్రం చూస్తాననీ ఆర్థర్ గారు అన్నారు. మేరీ లేచి వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చింది. ఒక్క మాట అంటే ఏం పోయిందని అడిగేశాను.

“అది నా చేతిలో లేదు, రమా. ఉందని చెబితే ఓట్లొస్తాయి. ఆ అమ్మాయికి నొప్పులొచ్చే వేళకి వార్డు మాత్రం ఉండదు.”

చర్చి హాల్లో జరిగిన ఎన్నికల సభలోనూ ఆయన అదే చెప్పారు. జనం కేకలేసి కూర్చోబెట్టారు. వార్డును కాపాడతానన్న ప్రత్యర్థికి చప్పట్లు మోగాయి. ఆర్థర్ గారికి పొద్దున ప్రచారం, మధ్యాహ్నం అంబులెన్స్ అధికారుల చుట్టూ తిరగడం. చివరికి, కారు లేని గర్భిణులను పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక బండి ఏర్పాటైంది. ఊళ్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన ఓడిపోయారు.

ఓడిన ఎంపీ కార్యాలయం ఖాళీ చేయాలి. సగంలో ఉన్న కేసులను కొత్త ఎంపీకి అప్పగించాలంటే ఆయా మనుషుల అనుమతి కావాలి. అది మా పనే అయినా, ఆర్థర్ గారు ఒక్కొక్కరికీ తానే ఫోన్ చేశారు. మేరీ గొంతు స్పీకర్‌లో నాకూ వినిపించింది.

“సారీ సార్, నేను మీకు ఓటు వెయ్యలేదు.”

“పర్లేదమ్మా. బండి కోసం ఫోన్ చేయాల్సిన నంబరు రాసుకున్నావా?”

వార్డు అనుకున్న నెలలోనే మూతపడింది. మేరీ ఆ బండిలోనే పెద్దాసుపత్రికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

ప్రజల పనిలో ఉన్నవాళ్లు తమ చేతిలో లేనిదాన్ని లేదని ముందే చెప్పాలి. ఉన్నదాన్ని పూర్తి చేయాలి. దానికి ఓట్లు పడకపోవచ్చు. ఆ సంగతి తెలిసే చేయాలని ఆ కార్యాలయంలో నేర్చుకున్నాను.